నీలం వద్దు, గులాబీ వద్దు

"నీలం వద్దు. గులాబీ రంగు అసలే వద్దు."

గుమ్మంలోనే తేల్చి చెప్పేసిందామె. పెయింటర్ నిచ్చెనని గోడకి ఆనించి నవ్వాడు.

"తెల్లరంగేస్తే ఆస్పత్రిలా ఉంటుందక్కా. ఇంతకీ వచ్చేది బాబా, పాపా?"

"తెలీదు తమ్ముడూ. అడగలేదు."

నిజంగానే అడగలేదు. రెండేళ్ళ కిందట దత్తత కోసం శిశుగృహంలో దరఖాస్తు ఇచ్చినప్పుడు 'ఎవరైనా సరే' అని రాసింది. మొన్న వాళ్ళు ఫోన్ చేసి, ఎనిమిది నెలల బిడ్డ, అన్నీ కుదిరితే సోమవారం వచ్చి తీసుకెళ్ళండి అన్నారు. ఎవరైనా సరే అని రాసిచ్చి ఇప్పుడు ఎవరని అడిగితే మాట తప్పినట్టు కాదూ అని మొగుడి నోరు కూడా మూయించింది. ఆ రోజు నుంచి ఇంట్లో 'వాడు', 'అది' అనడం నిషేధం. బిడ్డ వస్తాడు అనకూడదు, వస్తుంది అనకూడదు. వస్తారు అనాలి.

"ఇంకా నోట్లో పళ్ళైనా వచ్చాయో లేదో, అప్పుడే మర్యాదలు చూడు! పెళ్ళై పదకొండేళ్ళయింది, నాకెప్పుడైనా దక్కిందా ఈ భాగ్యం?" అంటూ భర్త పెయింటర్‌కి మొరపెట్టుకుని ఆఫీసుకి వెళ్ళిపోయాడు.

చివరికి లేత ఆకుపచ్చ ఖాయమైంది. ఈ పెయింటర్ని వాళ్ళు పిలవలేదు. గదికి రంగు వేయించాలట కదా అని తనే వచ్చాడు. శిశుగృహంలో ఎవరో చెప్పి పంపారు కాబోలు అనుకుంది. మనిషి నెమ్మదస్తుడిలా కనిపించాడు, సరే అంది.

పాత రంగు గీకుతుంటే కింద గులాబీ బయటపడింది. ఇంకాస్త గీకితే నీలం.

"మీకు ఎంతమంది పిల్లలక్కా?"

ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి తనే వచ్చి, గుమ్మం దగ్గర చతికిలబడి చెప్పుకొచ్చింది. మొదటిసారి ఏడో నెలలో నీలం వేయించారు. ముమ్మాటికీ మనవడే అంది అత్తగారు. రెండోసారి గులాబీ. రెండుసార్లూ ఆస్పత్రి నుంచి వట్టి చేతులతోనే తిరిగొచ్చింది.

"ఈసారి ఏ రంగు మీదా ఆశ పెట్టుకోను తమ్ముడూ."

పెయింటర్ మిగతా గోడని పుండు మీద కట్టు విప్పినంత మెల్లగా గీకాడు.

"ఈసారి వస్తార్లెండి అక్కా," అన్నాడు గీకుతూనే.

"ఏమో! గండం ఇంకా గట్టెక్కలేదు. కన్నవాళ్ళకి రెండు నెలలు గడువుంటుందట. మనసు మార్చుకుంటే బిడ్డని వెనక్కి తీసుకెళ్ళిపోవచ్చట. శనివారం సాయంత్రం ఐదింటితో ఆఖరు. వాళ్ళు రాకూడదని రోజూ దణ్ణం పెట్టుకుంటున్నా. పాపిష్టిదాన్ని కదూ?"

అతని చేతిలో గీకే రేకు ఆగిపోయింది.

"పాపమేముందక్కా. ఇంతలా కావాలనుకునేవాళ్ళు దొరకడం ఆ బిడ్డ అదృష్టం."

పనిలో అతనికి మహా చాదస్తం. వాసన రాని రంగే కావాలని రెండు కొట్లు తిరిగి తెచ్చాడు. కిటికీ అంచుని గరుకు కాగితంతో రుద్ది, చెంప ఆనించి చూసుకుని, మళ్ళీ రుద్దాడు. మీరు ఏ గదిలో పడుకుంటారు, ఇక్కడ ఏడిస్తే అక్కడికి వినిపిస్తుందా, మధ్యాహ్నం ఎండ మంచం మీద పడుతుందా అని ఒకటే ఆరా.

"శిశుగృహం వాళ్ళు కూడా ఇన్ని ప్రశ్నలు వెయ్యలేదయ్యా బాబూ!" అని నవ్వేసిందామె. "ఇంతకీ మీ ఇంట్లో ఎవరెవరు?"

"ఒక్కణ్ణేనక్కా. నేను నిచ్చెన ఎక్కితే మా ఆవిడ కింద పట్టుకునేది. ఇప్పుడు గోడే దిక్కు."

టీ పెట్టే నెపంతో ఆమె లోపలికి వెళ్ళింది. అయ్యో పాపం, చిన్నవాడే అనుకుంది.

శనివారం వచ్చింది. మధ్యాహ్నం నుంచి ఆమె ఫోన్ పట్టుకుని కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతోంది. అన్నం కంచంలోనే వదిలేసింది. నాలుగింటికి పెయింటర్ ఉన్నట్టుండి కుంచె పక్కన పడేసి, చెప్పులు వేసుకుని, గబగబా గేటు దాటి రోడ్డు మీదికి వెళ్ళాడు.

"ఎక్కడికి తమ్ముడూ? ఇంకో గోడ మిగిలే ఉందిగా?"

అతను అక్కడే నిలబడిపోయాడు. రెండు బస్సులు వచ్చి వెళ్ళాయి. తర్వాత వెనక్కి వచ్చి కుంచె అందుకున్నాడు.

"ఏం లేదక్కా. పూర్తి చేసే వెళ్తాను."

ఐదుంపావుకి ఫోన్ మోగింది. ఆమె విన్నది విన్నట్టే నేల మీద కూలబడి భోరుమంది.

"ఎవరూ రాలేదట! గడువు అయిపోయిందట! బిడ్డ ఇక మాదే తమ్ముడూ, మాదే!"

"సంతోషం అక్కా," అన్నాడు పెయింటర్. పెరట్లో కుళాయి కింద తల వంచుకుని కుంచెలు కడుగుతున్నాడు. రంగంతా వదిలిపోయి నీళ్ళు తేటగా వస్తున్నా కడుగుతూనే ఉన్నాడు.

వెళ్ళేముందు గది మరోసారి చూస్తానన్నాడు. చూశాడు. నిచ్చెన భుజానికెత్తుకుని గేటు దాకా వెళ్ళి, ఆమె వైపు తిరగకుండానే ఆగాడు.

"నిద్రలో ఉలిక్కిపడి లేస్తే కంగారుపడి ఎత్తుకోకండక్కా, కుడి చెవి వెనక మెల్లగా నిమరండి చాలు... మావాడు దానికే మళ్ళీ నిద్రపోతాడు."