సోమవారం ఉత్తరానికి సున్నా

"ఇదీ చెత్తే," అన్నాడు ఏసురత్నం. ఎర్ర పెన్నుతో పైన మార్కులు వేశాడు. పదికి రెండు.

ఆదివారం ఉదయం, చర్చికి వెళ్లే ముందు, యూనివర్సిటీ క్యాంపస్‌లో ఆ సిమెంటు బెంచీ ఆయనది. పక్కన నరేందర్ కూర్చుంటాడు. అక్కడే కాంట్రాక్టు లెక్చరర్. వచ్చే నెలతో ఆ కాంట్రాక్టు ఆఖరు. గడ్డురోజులకు ఎలా సిద్ధపడాలో చెప్పే న్యూస్‌లెటర్లు మెయిల్‌కి తెప్పించుకుని, తార్నాకలో ప్రింట్లు తీయించి వారం వారం పట్టుకొస్తాడు. ముప్ఫై నాలుగేళ్లు తెలుగు పాఠాలు చెప్పిన ఏసురత్నం వాటిని పరీక్ష పేపర్లలా దిద్దుతాడు.

"గంత తక్కువనా సార్? లక్ష మంది చదువుతరంట."

"చివరి పేరా ముందు చదవాలయ్యా. మాంద్యం, మాంద్యం అని ఆరు పేజీలు ఏడ్చి, ఏడో పేజీలో ప్లాట్లు అమ్ముతున్నాడు. ఆ ప్లాటు కొన్నవాడికే మొదట మాంద్యం."

తర్వాతదానికి ఒకటి వేశాడు.

"పోయినేడు వీడు చెప్పినదేదీ జరగలేదు. పాత సంచికలు చూడు. తప్పు చెప్పానని ఎక్కడైనా ఒక్క ముక్క రాశాడా? సిగ్గులేని వెధవ."

నరేందర్ నవ్వి, చివరి కాగితం జాగ్రత్తగా తీశాడు. 'సోమవారం ఉత్తరం'. రాసేవారి పేరుండదు. కింద 'మీ పక్కింటి మనిషి' అని మాత్రం ఉంటుంది. చందా లేదు, అమ్మకాలు లేవు.

ఏసురత్నం చదవకుండానే సున్నా చుట్టాడు.

"ఏంది సార్ గిది? మార్చి దాంక దీనికి తొమ్మిదికి తక్కువ ఎయ్యలేదు మీరు!"

"అప్పుడు వేశాను. 'జీతం ఆగిన నెలలో మొట్టమొదట ఇంట్లో చెప్పండి. దాస్తే నెలంతా నటించాల్సొస్తుంది' అని రాసిన ఉత్తరం అది. ఇప్పుడు చూడు. 'వ్యయమును అదుపులో ఉంచుకొనుట శ్రేయస్కరము.' ఇది ఉత్తరమా, వ్యాసరచన పోటీయా? దద్దమ్మ రాత. పక్కింటి మనిషట! ఎవరింటి పక్కన?"

నరేందర్ ముఖం చిన్నబోయింది. "గట్లనకుండ్రి సార్. గా ఉత్తరం జూసినంకనే మా ఇంటామెకు కాంట్రాక్టు సంగతి చెప్పిన. లేకుంటే ఇప్పటికీ దాస్తుంటి."

ఏసురత్నం ఫ్లాస్కు మూత తిప్పాడు. రెండు కప్పులు. రెండోది భార్య ప్రమీలది. ఆమె పోయాక దాంట్లో నరేందర్ తాగుతున్నాడు.

"ఆ ఉత్తరానికి మెయిల్ పెట్టిన సార్," అన్నాడు నరేందర్ టీ అందుకుంటూ. "మాణికేశ్వర్ నగర్‌ల రూమ్ ఖాళీ చేసి ఊరికి పోవాల్నా, గీడనే ఉండి ట్యూషన్లు చెప్పుకోవాల్నా అని. రేపు ఏం జవాబొస్తే గదే చేస్త."

"బుద్ధుందా నీకు? పెళ్లాం బిడ్డల బతుకు తీసుకెళ్లి ఆ కాగితం చేతిలో పెడతావా? దానికేం తెలుసని?"

గొంతు పెరిగింది. వాకింగ్‌కి వచ్చినవాళ్లు ఆగి చూశారు.

నరేందర్ లేచాడు. "అందరికీ మార్కులేస్తరు సార్ మీరు. ఎప్పుడన్న ఒక్క పేరా రాసి సూపియ్యుండ్రి."

ఏసురత్నం పెన్నుకి మూత పెట్టాడు. సున్నా వేసిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు చర్చికి కూడా వెళ్లకుండా తార్నాకలోని తన ఇంటికి నడిచాడు.

ప్రమీల కంప్యూటర్ తెరిచి, నరేందర్ పంపిన ప్రశ్న మరోసారి చదివి, ఏప్రిల్‌లో ఆమె పోయినప్పటి నుంచి ప్రతి ఆదివారం చేస్తున్నట్టే, ఆమె అయితే ఎలా రాసి ఉండేదో అనుకుంటూ సోమవారం ఉత్తరం మొదలుపెట్టాడు.