రాణి బుగ్గ మీద గీత

"గీత పడిందిరా, రాణి బుగ్గ మీదే!" అన్నాను భూతద్దం దించుతూ.

నిజానికి గీత లేదు. రాణి బొమ్మతో కొత్తగా విడుదలైన ఆ బంగారు నాణెం నిగనిగలాడుతోంది. కానీ దానికి మచ్చే లేదని ఇప్పుడే తీర్పు చెప్పినవాడు నా తమ్ముడు. నాన్న సేకరించిన నాణేలన్నీ లాక్కుని, నన్ను ఇంట్లోంచి గెంటినవాడు.

నాణేల సేకరణ సంఘంలోని వాళ్ళంతా తమ్ముణ్ణి చూసి పకపకా నవ్వారు. "కళ్ళు నెత్తికెక్కాయా పెద్దమనిషీ?"

తమ్ముడు భూతద్దం అందుకుని నాణేన్ని తిప్పి తిప్పి చూశాడు. "అవునక్కా, బుగ్గ మీదే. లోతుగా పడింది."

అతడు చూస్తున్నది వెనుక వైపు. అక్కడ రాణి లేదు, ఓడ ఉంది.

చెవి దగ్గరికి వంగాను. "నీ కళ్ళకు నాన్న నాణేలు కూడా కనబడటం లేదా?"

"లేదక్కా," గొణిగాడు.

"తగిన శాస్తి," అన్నాను. ఎవరూ గమనించకముందే, అతడి వేళ్ళ మధ్య నాణేన్ని రాణి వైపుకు తిప్పాను.