జీబూ లాంటి మనిషి

'జాక్స్' అని అక్షరాల బిళ్లలు పేర్చి మీసం మెలేశాను. జెడ్డూ, ఎక్సూ రెండూ ఉన్న ఇంగ్లీషు మాట మరి!

"అర్థం?" అంది మా అత్తగారు. అడిగితే చెప్పి తీరాలన్నది మా ఆట నియమం.

"ఓడలో వంటవాడు వాడే గరిటె," అన్నాను తడుముకోకుండా. నాకు మాటలే కంఠతా వచ్చు. అర్థాలు పదేళ్లుగా అప్పటికప్పుడు అల్లేవే. పాపం, ఆవిడ నమ్మి తలూపేది.

ఆరోజే మా అమ్మాయి కొత్త డిక్షనరీ కొనుక్కొచ్చింది. గబగబా పేజీలు తిప్పింది.

"పైకప్పు పలకలు చెక్కే పనిముట్టట నాన్నా!"

దొరికిపోయాను. అత్తగారు ఏకిపారేస్తుందనుకున్నాను. ఆవిడేమో, "ఆ పుస్తకం మూసెయ్యవే," అంది కంగారుగా.

అమ్మాయి వింటేగా! "ఇదిగో, కిందే జీబూ కూడా ఉంది. దొడ్డ మనసున్నవాడని చెప్పావు కదా అమ్మమ్మా? మూపురం ఉన్న ఎద్దట!"

అత్తగారు తల దించుకుంది. అంటే, ఆవిడా నా బాపతే!

వెంటనే నాకో సంగతి గుర్తొచ్చింది. "అత్తయ్యా, మొన్న మా మేనేజరు వీడ్కోలు సభలో మైకు పట్టుకుని, మీలాంటి జీబూ మాకు మళ్లీ దొరకరన్నాను."

"అయ్యో! ఆయనేమన్నారు?"

"తనని ఇంత బాగా అర్థం చేసుకున్నవాళ్లు లేరని కళ్లు తుడుచుకున్నారు."

అత్తగారు లేచింది. మనవరాలి చేతిలోని డిక్షనరీ లాక్కుని, ఊగుతున్న బల్లకాలి కింద తోసింది. బల్ల కదలడం మానేసింది.

"ఆఁ, ఆ వంటవాడి గరిటె సంగతి చెప్పండి బాబూ. ఇనపదా, కర్రదా?"