అన్నం సెంటర్ కాడ బ్రోకర్

ఆ మనిషి ముసలామెను ముందు కూర్చోబెట్టి, ఆ తర్వాతే తను కూర్చున్నాడు.

గరిటె పట్టుకున్న ప్రేమమ్మకు అనుమానం అక్కడే మొదలైంది.

చేవెళ్ల కూరగాయల మార్కెట్ పక్కన, రేకుల కింద, సర్కారు నడిపే ఐదు రూపాయల అన్నం సెంటర్ అది. పట్నం నుంచి వ్యాన్‌లో వేడి డబ్బాలు దిగుతాయి. వడ్డించడం ప్రేమమ్మ పని.

ఇళ్ల ప్లాట్లు వేసే వెంచర్ల పనులన్నీ ఆగిపోయిన కాలం. కూలీల అడ్డా మీద కుక్కలు పడుకుంటున్నాయి. పని దొరికితేనే కదా మనిషి ఊరు దాటి వచ్చేది. ఐదు రూపాయల అన్నానికి ఆటో కిరాయి పెట్టుకుని ఎవరొస్తారు? ఆకలి ఊళ్లలోనే ఉండిపోయింది. ఇక్కడ బల్లలు ఖాళీ అయ్యాయి.

"మంది రాకపోతే సెంటర్ ఎత్తేస్తరట అక్కా," అని వ్యాన్ డ్రైవర్ పేతురు దిగినప్పుడల్లా చెబుతున్నాడు.

ఎత్తేస్తే జీతం పోతుంది. అంతకన్నా, పొద్దున లేచి పోవడానికి ఒక చోటు పోతుంది. ఇంట్లో ప్రేమమ్మ తప్ప మరో మనిషి లేడు.

అట్లాంటప్పుడు వచ్చాడితను. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, పాత స్కూటర్. వెనక సీటు మీద ఆలూరు రుక్మిణమ్మ. ఆమెకు రోడ్డు వెంట చారెడు చేను ఉందని అందరికీ తెలుసు.

పప్పు పోస్తూ ప్రేమమ్మ మెల్లగా అడిగింది.

"ఎవరవ్వా ఆయన? మీ చుట్టమా?"

"కాదు బిడ్డా. నిన్న మా ఇంటి ముంగట ఆగి, తిన్నవా అని అడిగిండు. లేదన్న. ఇయ్యాల వచ్చి బండెక్కుమన్నడు."

"ఎక్కుమంటే ఎక్కినవా?"

"ఆకలైతే నువ్వెక్కవా?"

ప్రేమమ్మ ఇంకో గరిటె పప్పు పోసింది.

ఆ మనిషి ముద్ద కలుపుతూ అడిగాడు. "అవ్వా, మీ ఊళ్ల నీ లెక్క ఒంటిగ ఉండేటోళ్లు ఇంకెవరున్నరు? ఇండ్లు యాడ?"

రుక్మిణమ్మ వేళ్లు మడిచి ఒక్కొక్కరి పేరూ చెప్పసాగింది.

ప్రేమమ్మ గరిటె పక్కన పెట్టి ఆ పేర్లు వింది. చేవెళ్ల, మొయినాబాద్ రోడ్డు మీద తెల్ల చొక్కా వేసుకుని ముసలోళ్లతో తీయగా మాట్లాడేవాళ్లు భూముల బ్రోకర్లేనని ఆ చుట్టుపక్కల ఎవరికీ చెప్పనక్కర లేదు. ఆ మాటలు నమ్మి వేలిముద్ర వేసి, సొంత చేను గట్టు మీద వాచ్‌మన్లుగా మిగిలినవాళ్లున్నారు.

మర్నాడు అతను మొయినాబాద్ పక్కనున్న హిమాయత్‌నగర్ ఊరి నుంచి కాలు సరిగా పడని ఓ తాతను తెచ్చాడు. ఇంకొన్నాళ్లకు ఆటో నిండా తెచ్చాడు. కిరాయి తనే ఇచ్చాడు. బల్లలు నిండాయి. రేకుల కింద నవ్వులు కూడా వినబడ్డాయి.

"మంచిదే గదక్కా. సెంటర్ నిలుస్తది," అన్నాడు పేతురు.

"ఊకెనే కిరాయి పెట్టేటోడు ఈ రోడ్డు మీద ఉన్నడా? రేపు ఆళ్ల భూములు పోతే, ప్రేమమ్మ అన్నం పెట్టి అమ్మిపిచ్చింది అంటరు."

ఉండబట్టలేక ఒకరోజు అతన్నే అడిగింది.

"ఏం పని చేస్తరు సార్ మీరు?"

"తిరిగే పనమ్మా."

"ఇంట్ల ఎవరు లేరా?"

"ఉంటే ఈడెందుకు తింట? ఒక్కన్నే కూసోని తింటే ముద్ద దిగదు."

ఆ సంగతి ప్రేమమ్మకు తెలియనిది కాదు. అయినా మనసు గట్టి చేసుకుని, సాయంత్రం ఊరి లీడర్ బాల్‌రాజ్‌కు చెప్పేసింది.

తెల్లారి బాల్‌రాజ్ ఇద్దరిని వెంటేసుకుని వచ్చి, తింటున్నవాడి ముందు నిలబడ్డాడు.

"ఏ కంపెనీ నీది? ఎన్నెకరాలు జమ చేసినవు?"

"నాకు కంపెనీ గింపెనీ లేదు."

"మరెవరు పంపిండ్రు?"

అతను నోరు తెరిచాడు. బల్లల మీద తింటున్నవాళ్ల వైపు ఒకసారి చూశాడు.

"అది చెప్పరాదు," అన్నాడు.

"చూసినవా ప్రేమక్కా? చెప్పరాదంట."

చొక్కా పట్టుకుని లేపారు. కలిపిన ముద్ద ప్లేటులోనే ఉండిపోయింది.

"ఇడువుండ్రి కొడుకా, నన్ను భూమి మాటే అడగలే," అంది రుక్మిణమ్మ. ఎవరూ వినిపించుకోలేదు.

అతను మళ్లీ రాలేదు. తెచ్చేవాడు లేక వాళ్లూ రాలేదు. పోనీ, భూములైనా దక్కాయనుకుంది ప్రేమమ్మ. మిగిలిన అన్నంలో కాస్త పెట్టుకుని, ఖాళీ బల్లల మధ్య తనూ ఒక్కతే కూర్చుని తినేది.

నెల తిరిగాక ఈ సెంటర్ల లెక్కలు చూసే సర్కారు ఆఫీసు నుంచి శ్రవణ్ అనే ఉద్యోగి వచ్చి, సెంటర్ తలుపు మీద కాగితం అంటించసాగాడు.

"ఎందుకు మూస్తున్నరు సార్?"

"సర్కారు కాడ పైసల్లేవమ్మా. మంది రాని సెంటర్లు ఎత్తేయమన్నరు. మా మనిషి మొన్న వచ్చి చూసిపోయిండు. బల్లలన్ని ఖాళీ అట."

"నెల కింద చూడకపోతిరి. నిండ ఉంటుండిరి. ఓ బ్రోకర్ తోలుకొస్తుండె, తెల్ల చొక్కా, పాత స్కూటర్. మేమే ఎల్లగొట్టినం."

శ్రవణ్ చెయ్యి కాగితం మీద ఆగిపోయింది.

"ఒక్కడే ఉంటడు, మాట తక్కువ. ఆయనేనా?"

"ఆయననే. మీకెరికేనా?"

"బ్రోకర్ కాదమ్మా. మా ఆఫీసుల పనిచేసిన సుదర్శనం సార్. లెక్క సగంల ఎందుకు ఆపినవంటే ఎవరికీ చెప్పలే. మొన్ననే రిటైరైండు, ఏ ఊరు పోయిండో తెల్వది."

"ఏం లెక్క సార్?"

శ్రవణ్ కాగితం కొసను వేలితో అదిమాడు.

"చెప్పకుంట కూసోని చూసి, ఈ సెంటర్‌కు మంది లేరు, మూసెయ్యొచ్చు అని రాసుకరమ్మని మొదలు పంపింది ఆయననే."