నేలమీద పడిన పిస్టల్

"ముట్టుకోకండి మాస్టారూ!" అని లిగాయా అరిచేసరికే క్రిసాంతో వంగి, తన ఒరలోంచి జారి నేలమీద పడిన పిస్టల్ తీసేసుకున్నాడు.

ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో ఊళ్లో జరుగుతున్న పిస్టల్ పోటీల్లో పొద్దుటినుంచీ అధికారిగా నిలబడి ఆమె కాళ్లు లాగేస్తున్నాయి. ఒరలోంచి ఖాళీ పిస్టల్ జారితే తప్పు కాదు. అధికారి వచ్చి తియ్యాలి. ఆటగాడే తీస్తే పోటీనుంచి బయటికే. ఆ నియమం ఆమెకు నేర్పింది ఆయనే.

"ఎవరూ చూళ్లేదు. ఒరలో పెట్టేయండి," అంది గొంతు తగ్గించి.

"నువ్వు చూశావుగా! పదహారేళ్లప్పుడు ఇదే తప్పుకి నిన్ను ఏడిపించి ఇంటికి పంపాను. ఇప్పుడు ముసలాడినని జాలా?"

"అంత తెలిసినవారు ఎందుకు తీశారు మరి?"

ఆయన పిస్టల్ ఆమెకు అందించాడు. అందుకుంటుంటే ఆయన వేళ్ల వణుకు ఆమె చేతికి తెలిసింది.

"ఈ వారం ఇంట్లో మూడుసార్లు జారింది, తల్లీ. నలభై ఏళ్ల ఆట. నా అంతట నేను మానలేకపోతున్నాను. నువ్వు చెప్పు, వెళ్లిపోతాను."

లిగాయా పిస్టల్ ఖాళీగా ఉందని సరిచూసింది. తర్వాత అందరికీ వినపడేలా ఆయన పేరు పిలిచి, పోటీనుంచి తొలగించానని చెప్పింది.

క్రిసాంతో నడుంబెల్టు విప్పుతూ, "గొంతు వణక్కూడదమ్మా," అన్నాడు.