కర్రోడి ఒక్కపొద్దు

అంతటి కుక్క ఐరాల చుట్టుపక్కల పుట్టలేదు, ఇకమీదట పుట్టబోదు. దాని పేరు కర్రోడు. ఇందులో పిసరంత కల్పన ఉందని తేలితే నా మీసం సగం గొరిగించుకుంటాను.

యుద్ధం రోజులు. బియ్యానికి కూపన్లు వచ్చిన కాలం. దేవకమ్మ మొగుడు కాలు విరిగి మంచంలో ఉన్నాడు. కొండ కింద వేరుశనగ చేను ఒక్కటే ఆ ఇంటికి ఆధారం. కిందటేడు అడవిపందులు దిగి, కాయన్నది లేకుండా తవ్విపోశాయి. ఈసారీ అట్లాగే అయితే ఏడాదంతా ఏం తినాలో దేవకమ్మకు తెలియదు.

అందుకని తిరుమలయ్యను కాపలా పెట్టింది. మనిషి గడకర్రలా ఉంటాడు. కూలి కింద పొద్దునొక ముద్ద సంగటి, మాపటికొక ముద్ద.

పనిలో చేరిన కొన్నాళ్ళకే, "అమ్మా, ఒగ కుక్కను తెచ్చినా. కర్రోడని పేరు పెట్టినా" అన్నాడు.

ఆ మాపటి నుంచే కొండ కింద మొరుగుడు మొదలైంది. అది మామూలు మొరుగుడా? ఊళ్ళో కుక్కలు తోక ముడుచుకుని అరుగుల కిందికి దూరాయి. ఒక్క పంది చేలోకి దిగితే ఒట్టు.

దేవకమ్మ పొంగిపోయింది. మర్నాటి నుంచి గంపలో ఇంకో ముద్ద పెట్టింది, కర్రోడి కోసం.

"దాంట్లోకి ఊరిబిండి కొంచెం గట్టిగా నూరి ఎయ్యమ్మా. నంజుకోను ఎర్రగడ్డ లేకుంటే ముట్టడు" అన్నాడు తిరుమలయ్య బొంగురు గొంతుతో.

"కుక్కకి ఇన్ని సోకులా!"

"పనిమంతుడమ్మా. మనం చూసుకోవాల గదా."

అంత పెట్టినా, కర్రోణ్ణి ఆమె కంటితో చూసింది లేదు. గాజుల చప్పుడు వింటే చాలు, మీద పడి కరుస్తాడట. అందుకని గట్టు మీదే గంప దించి అటు నుంచి అటే తిరిగి వచ్చేది.

తిరుమల స్వామి నెల, పెరటాసి వచ్చింది. శనివారం పొద్దున దేవకమ్మ ఇంట పొయ్యి వెలగదు. మధ్యాహ్నం దాకా ఒక్కపొద్దు. మనుషులకు సరే, నోరులేని జీవం పస్తుండటమెందుకని పక్కింటి నిర్మలమ్మను అడిగింది. వాళ్ళు చర్చికి పోయేవాళ్ళు, శనివారాల పట్టింపు లేదు. నిర్మలమ్మ సంగటి ముద్ద మీద ఎండుచేపల పులుసు ధారాళంగా పోసి ఇచ్చింది.

మధ్యాహ్నం తిరుమలయ్య గిన్నె తెచ్చాడు. ముద్ద ఉన్నది ఉన్నట్టే ఉంది.

"ఏందిరా, తినలేదా?"

"లేదమ్మా. మూతి తిప్పుకున్నాడు. తిండి పారేస్తే పాపమని తెచ్చినా."

ఆదివారం గిన్నె ఖాళీగా వచ్చింది. పై శనివారం మళ్ళీ నిండుగా వచ్చింది. దేవకమ్మకు గుబులు పట్టుకుంది. తినని కుక్క మొరుగుతుందా? మొరగకపోతే పందులు ఊరుకుంటాయా?

ఉప్పు, మిరపకాయలు పంపి దిష్టి తీయించింది. మూడో శనివారం కూడా గిన్నె అట్లాగే వచ్చేసరికి, కడుపులో పురుగులేమో, ఆముదం పట్టిస్తానంది. తిరుమలయ్య మొహం మాడిపోయింది.

"ఆముదం వద్దమ్మా, నీకు పుణ్యముంటాది! అది పడదు!"

"అయితే ఈణ్ణి యాడన్నా ఇడిసిపెట్టు. పాకాలలో మా తమ్ముని కాడ వేటకుక్క ఉండాది, తెప్పిస్తా. కర్రోడి ముద్ద దానికి పెడతా."

తిరుమలయ్య రెండు చేతులూ జోడించాడు. "ఒక్క వారం ఓపిక పట్టమ్మా. వాడే సర్దుకుంటాడు."

దేవకమ్మ నేరుగా నిర్మలమ్మ దగ్గరికి పోయి గోడు వెళ్ళబోసుకుంది.

"ఎండుచేప వద్దనే కుక్కని నేను యాడా సూళ్ళేదక్కా" అంది నిర్మలమ్మ. "తక్కిన దినాలు ఎట్లుండాడు?"

"బాగానే తింటాడే. శనారం పొద్దునే..." దేవకమ్మ నిర్మలమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మే నిర్మలా! పెరటాసి శనారాలు! నీసు ముట్టలేదు! వాడు ఒక్కపొద్దుండాడే!"

"కుక్కా?"

"పోయిన జన్మలో ఏ దాసుడో!" దేవకమ్మ తిరుమల కొండ దిక్కు తిరిగి చెంపలు వేసుకుంది.

పై శనివారం మధ్యాహ్నం పొంగలి, వడలు, తిరుమణి, తిరుచూర్ణం గంపలో పెట్టుకుని చేనుకు వెళ్ళింది.

"తిరుమలా, కర్రోణ్ణి పిలువు. నామం పెట్టాల."

తిరుమలయ్య రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "కరస్తాడమ్మా!"

"భక్తుడు కరస్తాడా?" గాజులు పైకి తోసుకుని గట్టు దిగింది.

"ఆగమ్మా, ముందు నేను పట్టుకుంటా!" అంటూ అతను గుడిసె వెనక్కి పరుగెత్తాడు. మరుక్షణం కొండ అదిరేలా మొరుగుడు! దేవకమ్మ ఎట్లా ఎగిరిందో ఏమో, మళ్ళీ గట్టు మీద ఉంది.

"నువ్వే పెట్రా నాయనా!" అని అక్కడి నుంచే కేకేసింది.

తిరుమలయ్య వచ్చి గంప పట్టుకుపోయాడు. కాసేపటికి తిరిగొచ్చాడు. గిన్నెలు నాకినట్టున్నాయి. అతని నుదుటన నిలువు నామం మెరుస్తోంది.

"వాడికి పెట్టంగా మిగిలింటే నేనూ పెట్టుకుంటినమ్మా."

"వడలు తిన్నాడా?"

"ఇంకో రెండుంటే బాగుండునన్నా... అన్నట్టు చూసినాడమ్మా."

ఆ ఏడు చేలో ఒక్క కాయ పోలేదు. దేవకమ్మ ఇంటి నిండా బస్తాలే. వేటకుక్క ఊసు మళ్ళీ ఎత్తలేదు. పెరటాసి దాటినా శనివారం మధ్యాహ్నం కర్రోడికి పొంగలి, వడ తప్పలేదు. నిర్మలమ్మ మాత్రం తిరుమలయ్య ఎదురైనప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

సగం మీసం పోతే పోయింది, ఒప్పేసుకుంటున్నాను: ఇందులో కల్పన కర్రోడొక్కడే, ఆ కల్పన కూడా నాది కాదు, ఒక్క ముద్దతో కడుపు నిండని తిరుమలయ్యది.