గోల అంటే గోల కాదు

శుక్రవారం నుంచి బయటి యాప్‌లకు తలుపు మూసేస్తామని కంపెనీ నోటీసు పంపింది. రుచిత దాన్ని రెండుసార్లు చదివింది.

దేశమంతా వాడే సోషల్ మీడియా కంపెనీ అది. ఆర్మూర్ చుట్టుపక్కల రైతులు అందులోని గ్రూపుల్లో ఏ రోజు పసుపు ధర ఆ రోజు పెట్టుకుంటారు. చదువురాని వాళ్ల కోసం రుచిత యాప్ వాటిని పోగేసి, పైకి చదివి వినిపిస్తుంది. మూడేళ్ల కష్టం. "రండి, మా దగ్గర యాప్‌లు కట్టుకోండి" అని ఆనాడు పిలిచింది ఆ కంపెనీయే. ఇప్పుడు బయటి యాప్‌లకు ఆ సందేశాలు ఇవ్వదట!

హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే అంకిత ఎత్తింది.

"మీ యాప్ ప్రత్యేకత ఏమిటో వివరంగా చెప్పండి. పైవాళ్లకు నచ్చజెబుతాను," అంది.

"గోల అంటే మీ కంపెనీ లొల్లి అనుకుంటది మేడం. మా దగ్గర గోల అంటే గుండ్రంగుండే పసుపు. పొడుగుది కాడి. నా యాప్‌కు గివన్నీ ఎరుకే."

"ఇంకా చెప్పండి."

చెప్పింది. ఆరు రోజులు చెప్పింది. భీమ్‌గల్ రైతు ధర ఎట్లా అడుగుతాడో, జక్రాన్‌పల్లి ముసలమ్మ ఎట్లా అడుగుతుందో, యాప్ దాన్ని ఎట్లా పట్టుకుంటుందో పూసగుచ్చినట్టు చెప్పింది. అంకిత ఒక్కసారీ విసుక్కోలేదు. ఎప్పుడు చేసినా మొదటి రింగుకే ఎత్తింది. నాలుగో రోజుకల్లా "అక్కా" అనసాగింది.

"ఫికర్ చెయ్యకు అక్కా, నేనున్న గద," అందోసారి.

రుచిత కళ్లు చెమర్చాయి. పక్కనే బీడీలు చుడుతున్న తల్లి భాగ్యవ్వ మురిసిపోయింది.

"గా పిల్లెవలో గని మస్తు మంచిది. ఓపారి ఇంటికి బువ్వకు పిలువు బిడ్డా."

పిలిచింది. "తప్పకుండ వస్త," అంది అంకిత.

శుక్రవారం పొద్దున యాప్ మూగబోయింది. పదింటికల్లా ఆ కంపెనీ తెర మీద కొత్త బటన్ వెలిసింది: 'పసుపు ధరలు అడగండి'.

రుచితకు ఒళ్లు మండిపోయింది. నమ్మించి గొంతు కోశారు! అంకితకు ఫోన్ కొట్టింది. ఆ నంబర్ వాడుకలో లేదట.

"పాపం, నా దిక్కు మాట్లాడినందుకు గా పిల్ల నౌకరి పీకేసిండ్రో ఏమో అమ్మా," అంది. యాప్ పోయినదానికన్నా ఆ పిల్లకు తనవల్ల ఇంత అన్యాయం జరిగిందనే ఎక్కువ ఏడ్చింది.

దొంగలు ఏమేం ఎత్తుకుపోయారో చూద్దామని కొత్త బటన్ నొక్కింది.

"నమస్తే అక్కా, నేను అంకిత," అని పలికింది బటన్, "గియ్యాల ఏ పసుపు రేటు చెప్పాలె?"